నరికితే లాభం.. కాపాడితే కూలి లేదు!

* పిల్లలమర్రి చికిత్స నేర్పిన పాఠం ఊళ్లకు చేరలేదు
* వృక్ష వైద్యం వృత్తిగా మారితేనే పాత చెట్లకు ఆయుష్షు, పనివారికి భద్రత

మహబూబ్‌నగర్: ఈదురుగాలుల వాన వెలిసిన మర్నాడు ఏ పట్టణంలో చూసినా ఒకటే దృశ్యం. రహదారికి అడ్డంగా పడిన వేప, విద్యుత్తు తీగలపై వాలిన తురాయి, బడి ప్రహరీని కూల్చిన రావి కనిపిస్తాయి. యంత్ర రంపాలతో వచ్చిన కూలీలు గంటలో చెట్టును ముక్కలు చేస్తారు. సాయంత్రానికి కలప ట్రాక్టరెక్కి సామిల్లుకు చేరుతుంది. ఆ చెట్టు మొదలు ఏళ్ల తరబడి లోలోపల కుళ్లుతూ వచ్చిందన్న సంగతి పడిన తరవాతే బయటపడుతుంది. ముందుగా ఎవరూ చూడలేదు. చూడటం ఎవరి పనీ కాదు.

మొక్క నాటడానికి మన దగ్గర పథకాలున్నాయి, నర్సరీలున్నాయి. చెట్టు కొట్టడానికి గుత్తేదారులున్నారు. ఈ రెంటికీ మధ్య అరవై, వంద, రెండు వందల ఏళ్లు నిలబడే చెట్టును పరీక్షించి, అవసరమైనంత వరకే కోసి, రోగానికి మందు వేసి, బరువుకు ఊతమిచ్చే మనిషి మాత్రం కనిపించడు. విదేశాల్లో ఈ పని చేసేవారిని ట్రీ సర్జన్లు, ఆర్బరిస్టులు అంటారు. అక్కడ అది శిక్షణ, పరీక్ష, ధ్రువపత్రం, బీమా ఉన్న వృత్తి. వందల మందికి ఉపాధినిచ్చే వ్యాపారం. మన జిల్లాల్లో అది ఇంకా పేరు లేని పని. అది వృత్తిగా ఎందుకు ఎదగలేదు? ఎదగాలంటే ఏం మారాలి? చెట్లకే కాదు, వాటి కింద నడిచే జనానికి, వాటిపైకి ఎక్కే కూలీలకు కూడా ప్రాణావసరమైన ప్రశ్నలివి.

పిల్లలమర్రి ఏం చెప్పింది?

చెట్టుకు వైద్యం సాధ్యమేనా అన్న సందేహానికి సమాధానం పాలమూరు వాసులకు కూతవేటు దూరంలోనే ఉంది. సుమారు 700 ఏళ్ల నాటిదని చెప్పే పిల్లలమర్రి మహావృక్షం 2017 డిసెంబరులో ప్రమాద స్థితికి చేరింది. భారీ కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు కాండాన్ని, కొమ్మలను లోపలి నుంచి తొలిచేశాయి. సందర్శకులు కొమ్మలు పట్టుకుని ఊగడం, ఊడలను తెంపడం, చెట్టు చుట్టూ కట్టడాలు పెరగడం అంతకుముందే దానిని బలహీనపరిచాయి. అధికారులు అదే నెలలో సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేశారు.

ఆ తరవాత జరిగినది నిజమైన శస్త్రచికిత్సే. కాండానికి రంధ్రాలు చేసి చెదల మందు పోసే ప్రయత్నం తొలుత ఫలించలేదు. పోసిన మందు బయటికి కారిపోయింది. దాంతో ఆసుపత్రుల్లో రోగికి సెలైన్ ఎక్కించినట్లుగా, పలుచన చేసిన క్లోరిపైరిఫాస్ మందును సీసాల్లో నింపి, చెట్టు పొడవునా వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. 2018 ఏప్రిల్‌లో ఈ దృశ్యం దేశవ్యాప్తంగా పత్రికలకెక్కింది. వేళ్ల వద్దా మందు నీరు పోశారు. బరువుకు వాలిన కొమ్మల కింద స్తంభాలు నిలిపారు. సారవంతమైన మట్టి, ఎరువు వేశారు. చెట్టు కోలుకుంది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన యువతులు చూసి వెళ్లింది ఆ చెట్టునే.

ఇందులో గమనించాల్సినది సెలైన్ సీసా వింత కాదు. ఒక పద్ధతి విఫలమైతే మరొకటి ప్రయత్నించే ఓపిక, వారాల తరబడి పరిశీలన, అందుకు కేటాయించిన మనుషులు, డబ్బు. ఇవన్నీ పిల్లలమర్రికి దొరికాయి. ఎందుకంటే అది జిల్లాకు గుర్తింపు తెచ్చిన చెట్టు. ఊరి రచ్చబండ వద్ద ఉన్న రావికి, బడి ఆవరణలోని చింతకు ఆ భాగ్యం లేదు.

పొరుగు రాష్ట్రంలోనూ ఇటువంటి అనుభవాలే కనిపిస్తాయి. శ్రీసత్యసాయి జిల్లాలోని తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఐదెకరాలకు పైగా విస్తరించిన ఆ చెట్టు లేత ఊడలను మట్టి నింపిన వెదురు బొంగుల గుండా నేలకు దించుతారు. నేలలో నాటుకున్న ఊడే కాలక్రమంలో కొమ్మకు స్తంభమవుతుంది. కొవ్వూరు సమీపంలోని కుమారదేవం వద్ద ఎన్నో సినిమాల్లో కనిపించిన నిద్రగన్నేరు వృక్షం 2024 ఆగస్టులో గోదావరి వరదల వేళ కూలిపోయింది. మిగిలిన మొదలుకు చికిత్స చేయగా కొన్ని వారాల్లోనే చిగుర్లు తొడిగింది. అయితే కూలిన తరవాత చేసిన ఆ శ్రద్ధ కూలక ముందు చేసి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్న మిగిలిపోయింది.

కలపే కూలి అయితే..

వృక్ష వైద్యం మన దగ్గర వృత్తిగా ఎదగకపోవడానికి అసలు కారణం కూలి చెల్లించే తీరులోనే ఉంది. ఇంటి ముందు చెట్టు కొమ్మ ప్రమాదకరంగా వాలిందని యజమాని కూలీలను పిలిస్తే బేరం సాధారణంగా ఇలా కుదురుతుంది. కలప వారు తీసుకుపోతారు, కూలి తగ్గించుకుంటారు. చెట్టు పెద్దదైతే యజమానికే ఎదురు డబ్బు ఇస్తారు. యజమానికి ఇది లాభసాటిగా కనిపిస్తుంది. కానీ ఎక్కువ కోసిన కొద్దీ ఎక్కువ ఆదాయం వచ్చే మనిషిని ఎంత కోయాలో చెప్పమని అడుగుతున్నామన్నది గమనించడం లేదు. ఒక్క కొమ్మ తీస్తే సరిపోయే చోట సగం చెట్టు పోతుంది. మందు వేస్తే బతికే చెట్టు మొదలంటా నేలకు వాలుతుంది.

తప్పు కూలీది కాదు. నిలబడి ఉన్న చెట్టుకు అతనికి ఎవరూ రూపాయి ఇవ్వడం లేదు. రోగి మరణిస్తేనే వైద్యుడికి సొమ్ము ముట్టే పద్ధతి ఉంటే ఆసుపత్రులు ఎలా ఉంటాయో, చెట్ల విషయంలో మనం అలాంటి పద్ధతినే నడుపుతున్నాం. పరీక్షకు ఇంత, కొమ్మ తొలగింపునకు ఇంత, ఊతానికి ఇంత, ఏడాది పొడవునా సంరక్షణకు ఇంత అని పనికి వెల కట్టి, కలప విలువను దాని నుంచి పూర్తిగా వేరు చేసిన రోజే ఈ రంగంలో నిపుణుడు పుడతాడు.

వైద్యం అంటే ఏమిటి?

చెట్లకు రోగాలుంటాయని, వాటికి చికిత్స చేయాలని మన పూర్వులకు తెలుసు. సుమారు వెయ్యేళ్ల కిందట సురపాలుడు రాసిన ‘వృక్షాయుర్వేదం’ చెట్ల జబ్బులనూ వాత, పిత్త, కఫ దోషాలుగా వర్గీకరించింది. ఆ గ్రంథాన్ని 1996లో ఆంగ్లంలోకి తెచ్చినది సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడిన ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషనే. ఆధునిక శాస్త్రం ఈ విద్యను మరో మెట్టు ఎక్కించింది. అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి పరిశీలించి, 1970వ దశకంలో ఒక ముఖ్య విషయాన్ని వెల్లడించారు. మనిషి గాయం మానినట్లు చెట్టు గాయం మానదు. చెట్టు ఆ గాయం చుట్టూ గోడ కట్టి, కుళ్లు లోపలికి వ్యాపించకుండా అడ్డుకుని, పైన కొత్త కలపను పెంచుకుంటుంది. దెబ్బతిన్న భాగం లోపలే ఉండిపోతుంది.

పని చేసే తీరు మొత్తం ఈ సూత్రం చుట్టూనే తిరుగుతుంది. కొమ్మ కాండాన్ని కలిసే చోట మెడలాగా కొద్దిగా ఉబ్బు ఉంటుంది. గోడ కట్టే శక్తి ఉండేది అక్కడే. కోత ఆ ఉబ్బుకు ఆనుకుని బయట పడాలి. ఉబ్బును కూడా చెక్కేస్తే కుళ్లు కాండంలోకి దిగుతుంది. జానెడు మోడు వదిలేస్తే అది కుళ్లి, పురుగులకు దారి ఇస్తుంది. బరువైన కొమ్మను ఒక్క వేటుతో కోయరాదు. ముందు కింది వైపు కొంత గాటు పెట్టి, కాస్త అవతల పై నుంచి కోసి బరువు దించి, చివరగా మెడ వద్ద నున్నగా కోయాలి. ఇలా మూడు కోతలు పెట్టకపోతే కొమ్మ విరుగుతూ కాండం బెరడును బారెడు పొడవున చీల్చుకుపోతుంది.

మన దగ్గర వైద్యమనుకుని చేసే పనులు కొన్ని చెట్టుకు హాని చేస్తున్నాయి. తొర్రలో సిమెంటు నింపడం అందులో మొదటిది. ఒకప్పుడు విదేశాల్లోనూ చేసేవారు, తరవాత మానుకున్నారు. చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెంటి మధ్య రాపిడితో లోపలి గోడ దెబ్బతింటుంది, తడి నిలిచి కుళ్లు పెరుగుతుంది. కోసిన చోట తారు పూయడం వల్ల కుళ్లు ఆగదని కూడా తేలింది. మొదలు చుట్టూ కాంక్రీటు గచ్చు వేయడం అన్నిటికన్నా ప్రమాదకరం. వేళ్లకు గాలి, నీరు అందవు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటును తొలగించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో ఆదేశించినది ఈ కారణంగానే. మన వీధుల్లో ఇప్పటికీ సీసీ రోడ్డు చెట్టు మొదలుకు ఆనుకునే సాగుతోంది.

నిపుణుడి పనిలో ఎక్కువ భాగం కోత కాదు, చూపు. మొదలు వద్ద పుట్టగొడుగులు మొలిచాయా, కొయ్య సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తోందా, చెట్టు వాలిన దిశకు ఎదురు వైపు నేల పగిలి లేచిందా, రెండు కొమ్మలు కలిసే పంగలో చీలిక ఉందా అని పరిశీలించాలి. ఆ కొమ్మ పడితే ఎవరి మీద పడుతుందన్నది మరో ప్రశ్న. పొలం గట్టున ఎండు కొమ్మను పక్షులకు వదిలేయవచ్చు. బడి గేటు మీది కొమ్మను వదిలేయరాదు. ఈ చెట్టు ఇక నిలవదు, తొలగించాల్సిందే అని నిజాయతీగా చెప్పడమూ వృక్ష వైద్యుడి బాధ్యతే. కలపతో అతనికి సంబంధం లేనప్పుడే ఆ మాటను జనం నమ్ముతారు.

తీగల కింద సగం చెట్లు

ఏటా వానాకాలానికి ముందు విద్యుత్తు తీగల కింద కొమ్మల కోత జరుగుతుంది. సరఫరాకు, ప్రజల భద్రతకు అది అత్యవసరం. అయితే కోత జరిగే తీరు మరుసటి ఏటికి మరింత పనిని సృష్టిస్తోంది. తీగకు ఎంత ఎడం కావాలో అంతవరకు కొమ్మను మధ్యలో తెగ్గొడతారు. అలా తెగిన చోట గుత్తులుగా కొత్త చువ్వలు లేస్తాయి. అవి వేగంగా పెరుగుతాయి, పట్టు మాత్రం పై పొరకే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి తీగను మళ్లీ తాకుతాయి, గాలికి సులువుగా ఊడిపడతాయి. ఒకే వైపు కోయడం వల్ల చెట్టు బరువు రెండో వైపునకు, అంటే తరచూ ఇళ్ల వైపునకు ఒరుగుతుంది. తీగ వైపు వెళ్లే కొమ్మను దాని మొదటిలోనే తీసి, ఇతర దిశల్లో పెరిగే కొమ్మలను ఉంచితే చెట్టూ నిలుస్తుంది, ఏటా కోసే పనీ తగ్గుతుంది. ఈ తేడా చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కొద్ది రోజుల శిక్షణ చాలు.

ఇక కోసే మనిషి సంగతి. నడుముకు పాత తాడు, కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో యంత్ర రంపం. పైన విద్యుత్తు తీగ. శిరస్త్రాణం ఉండదు, కింద జనాన్ని ఆపే మనిషి ఉండడు. జారిపడినా, రంపం ఎగిరి తగిలినా ఆ కుటుంబానికి దిక్కు లేదు. రోజు కూలీగా వచ్చినవాడు గనుక గుత్తేదారు చేతులు దులుపుకొంటాడు, ఇంటి యజమాని తనకు సంబంధం లేదంటాడు. వృత్తిగా గుర్తింపు లేని పనిలో ప్రమాదానికి కూడా గుర్తింపు ఉండదు.

ఎక్కడం వచ్చినవారికి కొదవ లేదు

ఈ రంగానికి కావలసిన మొదటి నైపుణ్యం భయం లేకుండా చెట్టెక్కడం. అది మన ఊళ్లలో తరతరాలుగా ఉంది. మోకు, ముస్తాదుతో తాటిచెట్టును రోజూ ఎక్కి దిగే గీత కార్మికులు పాలమూరు పల్లెల్లో ఉన్నారు. వారి భద్రత కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024 జులైలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరిట కిట్ల పంపిణీని ప్రారంభించింది. తాటిచెట్టు ఎక్కడం, మర్రిచెట్టు ఎక్కడం ఒకటి కాదు. తాటికి ఒకటే నిట్టనిలువు కాండం. మర్రిలో కొమ్మ నుంచి కొమ్మకు పక్కగా కదలాలి, తాడు ఎప్పుడూ తలకన్నా పైన గట్టి పంగకు వేసి ఉండాలి, కోసిన కొమ్మను తాడుతో కట్టి మెల్లగా దించాలి. కానీ ఎత్తు అలవాటైన మనిషికి ఇది నేర్పడం, ఎత్తంటే తెలియని మనిషికి నేర్పడం కన్నా ఎంతో తేలిక.

ఇలాంటి ప్రయత్నం దేశంలో ఇప్పటికే జరిగింది. కొబ్బరి చెట్లు ఎక్కేవారు కరవైనప్పుడు కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కేరళలో ‘ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. నిరుద్యోగ యువతకు యంత్రంతో చెట్టెక్కడం, తెగుళ్లు గుర్తించడం, మందు వేయడం నేర్పి, పరికరం ఇచ్చి, బీమా కల్పించింది. చెట్టెక్కే కూలీ అక్కడ సాంకేతిక పనివాడయ్యాడు. మహిళలూ ఆ శిక్షణ పొందారు. వలసలకు పేరుపడిన పాలమూరులో ఇటువంటి నైపుణ్యం సొంత ఊళ్లోనే కూలి తెచ్చిపెట్టగలదు.

వ్యాపారంగా నిలుస్తుందా?

అమెరికాలో ఈ వృత్తికి బాట వేసిన జాన్ డేవీ ఇంగ్లండు నుంచి వలస వెళ్లిన తోటమాలి. 1901లో ‘ది ట్రీ డాక్టర్’ అనే పుస్తకం ప్రచురించారు. నేర్పితేగానీ పనివారు దొరకరని గ్రహించి ఆయన సంస్థ సొంతంగా శిక్షణ పాఠశాలను నడిపింది. ఆ సంస్థ 1979లో ఉద్యోగుల చేతికే వచ్చి, నేటికీ నడుస్తోంది. ఈ రంగంలో అంతర్జాతీయ సంఘం 1924లో ఏర్పడగా, 1992 నుంచి పరీక్ష పెట్టి ధ్రువపత్రాలు ఇస్తోంది. ముందు శిక్షణ, తరవాత వ్యాపారం అన్నది ఆ అనుభవం చెప్పే మాట.

జిల్లా స్థాయిలో నలుగురైదుగురు సభ్యుల బృందం ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒకరు ఎక్కేవారు, ఒకరు కింద తాడు పట్టేవారు, ఒకరు రాకపోకలు ఆపేవారు, ఒకరు పరీక్ష, లెక్కలు చూసేవారు. తాళ్లు, నడుము బెల్టులు, శిరస్త్రాణాలు, చేతి రంపాలు, పొడవాటి కోత కర్ర, ఒక యంత్ర రంపం ఉంటే చాలు. క్రేను, బుట్ట వాహనం అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోవచ్చు. అసలు పెట్టుబడి బీమా, శిక్షణ. వాటిని ఖర్చుగా భావించి వదిలేస్తే ఒక్క ప్రమాదంతో సంస్థ మూతపడుతుంది.

ఏడాది పొడవునా పని ఉంటుందా అన్నది సహజమైన సందేహం. వేసవిలో గాలివానలకు ముందు పరీక్షలు, ఎండు కొమ్మల తొలగింపు ఉంటాయి. వానాకాలంలో పడిన చెట్ల తొలగింపు, ఒరిగిన చిన్న చెట్లను నిలబెట్టడం, చెట్ల తరలింపు ఉంటాయి. చలికాలంలో వేళ్ల చుట్టూ గచ్చు తొలగించి మట్టి, ఎరువు వేయడం, చెదల నివారణ వంటివి చేసుకోవచ్చు. అత్యవసర పిలుపుల మీదే ఆధారపడితే ఆదాయం నిలకడగా ఉండదు. బడులు, ఆసుపత్రులు, ఆలయాలు, నివాస సముదాయాలతో వార్షిక ఒప్పందాలు కుదిరితేనే నెలనెలా జీతాలు ఇవ్వగలరు. కోసిన ఆకు, రెమ్మలను ఎరువుగా మార్చి అమ్మడం అదనపు ఆదాయం. కలప మాత్రం యజమానిదే.

చెట్ల తరలింపునకు ఇటీవల గిరాకీ పెరిగింది. హైదరాబాద్-బీజాపూర్ రహదారి విస్తరణలో చేవెళ్ల వద్ద సుమారు 900 మర్రిచెట్ల భవితవ్యంపై ఏళ్ల తరబడి వివాదం నడిచింది, హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్లింది. మర్రి, రావి వంటివి కొమ్మ నాటినా వేళ్లూనుకునే జాతులు గనుక తరలింపును తట్టుకుంటాయి. లోతైన వేళ్లున్న చింత, వేప వంటి పెద్ద చెట్ల విషయంలో అంత ధీమా ఉండదు. తరలించిన చెట్టుకు నెలల తరబడి నీరు, కాపలా కావాలి. తరలించిన రోజుతోనే బిల్లు పూర్తయితే ఆ చెట్టు ఎండిపోయినా అడిగేవారుండరు. ఇక్కడ కూడా డబ్బు చెట్టు బతకడంతో ముడిపడాలి.

చట్టం మొక్కను లెక్కిస్తోంది

చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. తెలంగాణ పురపాలక చట్టం-2019 పురపాలికల బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత నిధికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని నిర్దేశించింది. 2015లో మొదలైన హరితహారం కింద నాటిన మొక్కలు ఇప్పుడు పదేళ్ల చెట్లు. తొలి కత్తిరింపు, ఆకృతి దిద్దడం అవసరమైన వయసు ఇదే. లేత వయసులో బొటనవేలంత కొమ్మను తీస్తే సరిపోయే లోపం, ముప్పై ఏళ్ల తరవాత క్రేను తెస్తే తప్ప సరికాదు. కానీ నాటిన మొక్కకు ఉన్న లెక్క పెరిగిన చెట్టుకు లేదు.

నిధుల కొరత ఉన్న పురపాలికలు చెట్ల వైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తాయన్న వాదనలో కొంత నిజముంది. అయితే ప్రతి చెట్టుకూ ఖర్చు చేయమని ఎవరూ అడగడం లేదు. బడులు, బస్టాండ్లు, సంతలు, ఆసుపత్రుల వద్ద ఉన్న పాత చెట్లను ఏడాదికోసారి చూడటం ఒక బృందానికి కొద్ది వారాల పని. హరిత నిధిలో చిన్న భాగం దానికి చాలు. చెట్టు పడ్డాక రహదారి తెరిపించడానికి, తీగలు మార్చడానికి, పరిహారం చెల్లించడానికి అయ్యే ఖర్చును ఎవరూ ఒకచోట కూడి చూడటం లేదు గనుకనే ముందు జాగ్రత్త ఖరీదుగా కనిపిస్తోంది.

ఇలా చేస్తే మేలు

* జన సంచారం ఉన్న చోట్ల పాత చెట్ల జాబితా తయారు చేసి, వానాకాలానికి ముందు ఏటా పరీక్షించాలి.
* కొమ్మల తొలగింపు టెండర్లలో పని విలువను, కలప విలువను వేర్వేరుగా చూపాలి. కోసిన పరిమాణాన్ని బట్టి కాక, చేసిన పనిని బట్టి చెల్లించాలి.
* గీత కార్మికుల కుటుంబాల్లోని యువతకు, విద్యుత్తు కోత సిబ్బందికి స్వల్పకాలిక శిక్షణ ఇవ్వాలి. వనపర్తి జిల్లా మోజెర్లలోని ఉద్యాన కళాశాల, ములుగులోని అటవీ కళాశాల వంటి సంస్థలు ఇందుకు తోడ్పడగలవు.
* తాడు, బెల్టు, శిరస్త్రాణం, బీమా లేని బృందానికి ప్రభుత్వ పని అప్పగించరాదు.
* రోడ్లు, కాలిబాటలు వేసేటప్పుడు మొదలు చుట్టూ మీటరు మేర మట్టిని వదలాలి.
* ఇంటి యజమానులు కలపకు బదులు పని అన్న బేరం మానుకోవాలి. ఎంత కోయాలో ముందే గుర్తు పెట్టించి, అంతకే కూలి మాట్లాడాలి.

పిల్లలమర్రి వద్ద ఆనాడు చెమటోడ్చిన సిబ్బంది నేర్చుకున్నది ఒక్క చెట్టుతో ఆగిపోవాల్సిన విద్య కాదు. ఏ మందు నిలవలేదు, ఏది పనిచేసింది, ఊడలను ఎలా దించారు, స్తంభాలు ఎక్కడ నిలిపారు అన్నది వారికే తెలుసు. వారిలో కొందరైనా ఇంకా ఉద్యోగాల్లో ఉండగానే ఆ అనుభవాన్ని శిక్షణ పాఠంగా మార్చుకుంటే, వచ్చే గాలివానల కాలానికి జిల్లాలో తొలి బృందమైనా సిద్ధమవుతుంది.